భారత్‌తో సేవల ఒప్పందం అంటే శ్రీలంక డాక్టర్లకు, ఇంజనీర్లకు గుబులెందుకు?

2016 ఫిబ్రవరిలో కొలంబోలో ఒక నిరసన ప్రదర్శన జరిగింది. దాన్ని ముందుండి నడిపింది రైతులో, కార్మికులో కాదు. ప్రభుత్వ వైద్యులు, ఇంజనీర్లు, సాఫ్ట్‌వేర్ నిపుణులు. వారి కోపమంతా ఒక ముసాయిదా మీద. దాని పేరు ఆర్థిక, సాంకేతిక సహకార ఒప్పందం, పొట్టిగా ఎట్కా. భారత్‌తో ఈ ఒప్పందం కుదిరితే తమ ఉద్యోగాల్లోకి భారతీయులు వచ్చి కూర్చుంటారన్నది వారి ఆందోళన. అప్పటి ప్రధాని రణిల్ విక్రమసింఘే మాత్రం ఎవరు అడ్డుకున్నా ముందుకే వెళ్తామన్నారు. ఆ ఏడాదిలోనే సంతకాలు పూర్తి చేయాలని ఆయన ప్రభుత్వం అనుకుంది.

ఆ సంతకాలు పడలేదు. అప్పటి నుంచి శ్రీలంక నలుగురు అధ్యక్షులను చూసింది, అప్పులు కట్టలేక చేతులెత్తేసింది, ఎట్కాను వీధుల్లో వ్యతిరేకించిన పార్టీయే అధికారంలోకి వచ్చింది. చర్చలు మాత్రం ఆగుతూ సాగుతూనే ఉన్నాయి.

తెలుగు పాఠకులకు ఈ వ్యవహారం కొంత తలకిందులుగా కనిపిస్తుంది. అమెరికాలో హెచ్-1బీ వీసాల మీద గొడవ జరిగినప్పుడల్లా మనం వినేది మన పిల్లల వైపు కథ. చౌకగా పనిచేసే భారతీయులు వచ్చి జీతాలు తగ్గించేస్తున్నారని అక్కడివాళ్లు అంటుంటే మనకు కష్టంగా ఉంటుంది. అదే మాట పాక్ జలసంధికి అవతల, మనకంటే ఎంతో చిన్న దేశం నుంచి వినిపిస్తే దాన్ని కొట్టిపారేయడం అంత తేలిక కాదు.

సేవల వ్యాపారం అంటే ఏమిటి?

సరుకుల ఒప్పందం అర్థం చేసుకోవడం సులువు. మిరియాలు, టీ, మోటార్‌సైకిళ్ల మీద సుంకం ఎంత తగ్గించాలన్నదే అక్కడ లెక్క. సేవలకు ఓడరేవులో సుంకం కట్టే గుమ్మం ఉండదు. అందుకే 1995లో అమల్లోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ సేవల ఒప్పందం, అంటే గాట్స్, సేవలు సరిహద్దు దాటే తీరును నాలుగు మార్గాలుగా విడగొట్టింది. దేశాల మధ్య ద్వైపాక్షిక ఒప్పందాలు కూడా చాలావరకు ఈ నమూనానే వాడుకుంటాయి.

కొలంబో ఆసుపత్రిలో తీసిన స్కాన్‌ను హైదరాబాద్‌లో కూర్చున్న రేడియాలజిస్టు చూసి రిపోర్టు పంపితే అది మొదటి మార్గం. శ్రీలంక రోగి విమానమెక్కి చెన్నై వచ్చి ఆపరేషన్ చేయించుకుంటే రెండోది. భారతీయ ఆసుపత్రి సంస్థ కొలంబోలో శాఖ తెరిస్తే మూడోది. గుంటూరు డాక్టరో, బెంగళూరు ప్రోగ్రామరో కొంతకాలం పనికోసం స్వయంగా కొలంబో వెళ్తే నాలుగోది.

మొదటి మూడింటి మీద శ్రీలంకలో పెద్దగా యుద్ధాలు జరగలేదు. అపోలో సంస్థ 2002లోనే, ఏ సేవల ఒప్పందమూ లేకుండానే, కొలంబోలో ఆసుపత్రి తెరిచింది. తర్వాత యాజమాన్యం చేతులు మారి అది లంకా హాస్పిటల్స్ అయింది. గొడవంతా నాలుగో మార్గం గురించే, అంటే మనుషుల రాకపోకల గురించే. గాట్స్ ప్రకారం ఇది తాత్కాలిక రాక మాత్రమే. పౌరసత్వానికీ, శాశ్వత నివాసానికీ, స్థానిక ఉద్యోగాల మార్కెట్లో చేరే హక్కుకూ దీనితో సంబంధం లేదు. వీసా ఇవ్వాలా వద్దా అని చూసుకునే అధికారం కూడా దేశాలకు ఉంటుంది. కాగితం మీద ఇది నిజమే. అయితే ‘తాత్కాలికం’ అంటే మూడు నెలలా, మూడేళ్లా అన్నది ఒప్పందం రాసుకున్న తీరును బట్టి ఉంటుంది. కొలంబోలో అనుమానం మొదలైంది అక్కడే.

లెక్కల్లో తేడా

శ్రీలంక జనాభా సుమారు 2.2 కోట్లు. 2011 జనగణన నాటికే ఒక్క తెలంగాణ జనాభా 3.5 కోట్లు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏటా ఇంజనీరింగ్ సీట్లే లక్షకు పైగా ఉంటాయి. శ్రీలంకలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో సీటు దొరకడమే గగనం. ఏ-లెవెల్ పరీక్షల్లో మార్కులు, జిల్లాల కోటా కలిపి వడపోశాక మిగిలిన కొద్దిమందే డాక్టర్లో ఇంజనీర్లో అవుతారు. ఆ చదువు చాలావరకు ఉచితం, ఖర్చు ప్రభుత్వానిది. ఇంత కష్టపడి సంపాదించుకున్న చోటికి, ఫీజు కట్టి చదివిన పొరుగు దేశం పట్టభద్రుడు వస్తాడంటే మంట పుట్టడం సహజమే.

ఒప్పందాన్ని సమర్థించిన ఆర్థికవేత్తల జవాబు మరోలా ఉండేది. కొలంబో చిన్న మార్కెట్, బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో మంచి జీతం వచ్చే ప్రోగ్రామర్ అక్కడికి ఎందుకు వస్తాడని వారు అడిగారు. మంచి ప్రశ్నే. కానీ 2015 నాటికి శ్రీలంక తలసరి ఆదాయం భారత్ కంటే రెట్టింపుకు పైగా ఉండేది. జీతం ఎక్కువున్న చోటికే మనుషులు వెళ్తారన్న సూత్రాన్ని అటూ వాడుకోవచ్చు, ఇటూ వాడుకోవచ్చు. పేరున్న కంపెనీలో పనిచేసే ప్రోగ్రామర్ రాకపోవచ్చు. రెండో శ్రేణి ఊళ్లో ఉద్యోగం దొరకని పట్టభద్రుడు రావచ్చు. శ్రీలంక నిపుణులు భయపడింది ఈ రెండోవాడి గురించే.

ప్రభుత్వం ఈ విషయంలో తన మాటను తానే బలహీనపరచుకుంది. మనుషుల రాకపోకలు ఐటీ, నౌకా నిర్మాణం వంటి ఒకటి రెండు రంగాలకే పరిమితమని మొదట చెప్పింది. నిరసనలు పెరిగాక అసలు నాలుగో మార్గమే తెరవబోమంది. ఇంతలోనే మాట మారితే, సంతకం రోజుకు ఇంకెలా మారుతుందోనన్న సందేహం రావడంలో వింత లేదు.

చట్టం ఎవరికి ఉంది, ఎవరికి లేదు

నిపుణుల ఆందోళనల్లో అన్నింటికంటే బలమైనది సంఖ్యల గురించి కాదు. నియంత్రణ గురించి. దీనికి పత్రికల్లో తక్కువ చోటు దొరికింది, ఎందుకంటే ‘భారతీయులు ముంచెత్తుతారు’ అన్నంత ఊపు ఇందులో లేదు.

డాక్టర్ల సంగతి చూద్దాం. శ్రీలంకలో వైద్యం చేయాలంటే శ్రీలంక మెడికల్ కౌన్సిల్‌లో నమోదు తప్పనిసరి. సొంత పౌరులే అయినా విదేశాల్లో ఎంబీబీఎస్ చదివి వస్తే కౌన్సిల్ పెట్టే పరీక్ష పాసవ్వాలి. మన దగ్గర విదేశీ వైద్య పట్టభద్రులకు పెట్టే ఎఫ్‌ఎంజీఈ లాంటిదే అది. కాబట్టి ఎట్కా వచ్చినా ఈ గేటు తెరుచుకోదు, కౌన్సిల్ తెరవాలనుకుంటే తప్ప. ఇంజనీర్లకు 1968 చట్టంతో ఏర్పడిన ఇంజనీర్ల సంస్థ ఉంది. కానీ అది సభ్యత్వమిచ్చే సంఘమే. ఎవరు ఇంజనీరుగా పనిచేయవచ్చో చట్టబద్ధంగా నమోదు చేసే ఇంజనీరింగ్ కౌన్సిల్ చట్టం 2017లో గానీ రాలేదు. అంటే 2016లో ఊరేగింపు జరిగిననాటికి ఆ గేటుకు గొళ్లెం లేదు. ఇక ఐటీ రంగంలో అసలు గేటే లేదు. ప్రోగ్రామర్‌గా పనిచేయడానికి లైసెన్సు అక్కర్లేదు, దాదాపు ప్రపంచమంతటా ఇంతే.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. చట్టపరంగా గట్టి రక్షణ ఉన్నది డాక్టర్లకు. అందరికంటే గట్టిగా అరిచిందీ వాళ్లే. జీఎంఓఏగా పిలిచే ప్రభుత్వ వైద్యాధికారుల సంఘం ఎట్కా వ్యతిరేక ఉద్యమానికి ముఖంగా మారింది. దీనికి కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. జీఎంఓఏ సమ్మె పిలుపు ఇస్తే దేశమంతటా ఆసుపత్రులు స్తంభిస్తాయి, అంత బలం ఇంజనీర్ల సంఘాలకు లేదు. పైగా శ్రీలంకలో ప్రభుత్వ డాక్టర్లు డ్యూటీ అయ్యాక ప్రైవేటు ప్రాక్టీసు చేసుకోవచ్చు. దేశంలో డాక్టర్ల సంఖ్య పరిమితంగా ఉండటం వారి సాయంత్రపు ఆదాయానికి మేలు. అదే రోజుల్లో మాలబేలోని సైటం అనే ప్రైవేటు వైద్య కళాశాల మీద కూడా జీఎంఓఏ పెద్ద పోరాటమే చేసింది, చివరికి అది మూతపడింది. అక్కడ విదేశీయులెవరూ లేరు, డాక్టర్ల సంఖ్య పెరగడమే సమస్య. ప్రమాణాల పేరుతో జరిగే పోరాటాల్లో ప్రమాణాలెంత, సొంత ప్రయోజనాలెంత అన్నది విడదీయడం కష్టం. రెండూ ఉంటాయి.

అలాగని ఐటీ నిపుణుల ప్రశ్నను పక్కన పెట్టలేం. ఏ రంగంలో నియమాలు లేవో ఆ రంగాన్నే ముందుగా ఒప్పందంలో పెట్టడం ఎలాంటి తెలివి అని వారు అడిగారు. ఒకసారి అంతర్జాతీయ ఒప్పందంలో ఒక రంగాన్ని తెరుస్తామని రాసిచ్చాక, తర్వాత దేశీయ చట్టం తెచ్చి దాన్ని బిగించడం అంత సులువు కాదు. అవతలి పక్షం పరిహారం అడగవచ్చు, ఒప్పంద ఉల్లంఘన అనవచ్చు. అందుకే ముందు జాతీయ వాణిజ్య విధానం ప్రకటించండి, ఆ తర్వాతే ఒప్పందం అని నిపుణుల సంఘాలు డిమాండ్ చేశాయి. ఆ విధానాన్ని ప్రభుత్వం 2017లో తెచ్చింది. అంటే ఇల్లు కట్టడం మొదలుపెట్టాక ప్లాను గీయించారన్నమాట.

వనస్పతి నేర్పిన పాఠం

ఈ అపనమ్మకానికి మరో మూలం సరుకుల ఒప్పందంలో ఉంది. 1998 డిసెంబరు 28న వాజ్‌పేయి, చంద్రికా కుమారతుంగ సంతకాలు చేసిన స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం 2000 మార్చిలో అమల్లోకి వచ్చింది. దక్షిణాసియాలో అప్పటికి అది పెద్ద ముందడుగు. శ్రీలంక ఎగుమతులు నిజంగానే పెరిగాయి. అయితే ఆ పెరుగుదలలో పెద్ద భాగం వనస్పతి, రాగి ఉత్పత్తులది. ముడి పామాయిల్ మీద శ్రీలంకలో సుంకం తక్కువ, భారత్‌లో ఎక్కువ. ఆ తేడాను వాడుకుని భారతీయ వ్యాపారులే అక్కడ ఫ్యాక్టరీలు పెట్టి వనస్పతిని భారత్‌కు పంపారు. ఇక్కడి తయారీదారులు గగ్గోలు పెట్టారు. భారత్ కోటా పెట్టింది, కొనుగోళ్లను నాఫెడ్ ద్వారా మళ్లించింది. కొన్నాళ్లకు ఆ ఫ్యాక్టరీలు మూతపడ్డాయి.

భారత్ వైపు నుంచి చూస్తే ఇది దొడ్డిదారి మూయడమే. శ్రీలంక వైపు నుంచి చూస్తే, ఒప్పందంలో ఇచ్చినదాన్ని పెద్ద దేశం తనకు నచ్చనప్పుడు వెనక్కి తీసుకోవడం. టీ, దుస్తుల మీద మొదటి నుంచీ కోటాలున్నాయి, అవి ఫలానా రేవుల నుంచే రావాలన్న షరతులూ ఉండేవి. సరుకుల విషయంలోనే ఇలా ఉంటే మనుషుల విషయంలో ఎలా ఉంటుందన్న ప్రశ్న కొలంబోలో వ్యాపారులూ నిపుణులూ కలిసి అడిగారు. ఎట్కాకు ముందు రూపం సెపా. 2005లో చర్చలు మొదలై, 2008లో కొలంబో సార్క్ సదస్సు సమయానికి సంతకం అవుతుందనుకున్నది, ఈ వ్యాపారుల వ్యతిరేకతతోనే ఆగిపోయింది.

ఇంకా వెనక్కి వెళ్తే చరిత్ర మరీ బరువుగా ఉంటుంది. 1939లో సిలోన్ ప్రభుత్వం తన శాఖల్లో రోజుకూలీకి పనిచేస్తున్న భారతీయులను తొలగించింది. రాజీ కోసం నెహ్రూ వెళ్లినా ఫలితం లేకపోయింది. 1964లో సిరిమావో, శాస్త్రి ఒప్పందం కింద 5.25 లక్షల మంది తోట కార్మికులను భారత్‌కు పంపాలని నిర్ణయించారు. తరతరాలుగా అక్కడే పుట్టి పెరిగినవాళ్లు వాళ్లు. 1987లో భారత సైన్యం శాంతి దళం పేరుతో అడుగుపెట్టింది. ‘భారత్ నుంచి మనుషులు వస్తున్నారు’ అన్న మాట శ్రీలంకలో మామూలు వాణిజ్య వాక్యంగా ఎన్నడూ వినిపించదు.

హైదరాబాద్ నుంచి వెళ్లిన అంబులెన్సు

ఆ అనుమానం ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి ఒక ఉదాహరణ ఉంది, దానికి మూలం హైదరాబాద్‌లోనే. 2005లో ఇక్కడ మొదలైన 108 అంబులెన్సు సేవ లాంటిది తమకూ కావాలని శ్రీలంక కోరింది. భారత్ సుమారు 75 లక్షల డాలర్ల గ్రాంటు ఇచ్చింది. 108ని నడిపిన జీవీకే ఈఎంఆర్ఐ సంస్థకే ఆ పని అప్పగించారు. 2016 జులైలో పశ్చిమ, దక్షిణ ప్రావిన్సుల్లో 88 అంబులెన్సులతో, 1990 నంబరుతో ‘సువ సెరియ’ మొదలైంది. తొలి సిబ్బంది శ్రీలంక యువతీ యువకులే, శిక్షణకు హైదరాబాద్ వచ్చి వెళ్లారు.

ఎట్కా గొడవ మధ్యలో రావడంతో ఈ అంబులెన్సుల మీద కూడా వైద్యుల సంఘం నుంచీ, ప్రతిపక్షం నుంచీ అభ్యంతరాలొచ్చాయి. రోగుల సమాచారం విదేశీ సంస్థ చేతికి వెళ్తుందన్నారు. కొందరు నేతలు గూఢచర్యం మాట కూడా తెచ్చారు. తర్వాత భారత్ మరో గ్రాంటు ఇవ్వడంతో సేవ దేశమంతటా విస్తరించింది. 2018లో శ్రీలంక పార్లమెంటు చట్టం చేసి సువ సెరియను సొంత సంస్థ కిందకు తెచ్చుకుంది. నైపుణ్యం దాటి వచ్చింది, ఉద్యోగాలు మాత్రం స్థానికులకే దక్కాయి. సేవల సహకారం ఇలా కూడా ఉండవచ్చని అభ్యంతరపెట్టినవాళ్లు ఒప్పుకోలేదు. ఇది గ్రాంటు, ఎట్కా ఒప్పందం, రెండూ ఒకటి కాదని అన్నారు. ఆ తేడా నిజమే.

మనమూ ఇదే పని చేస్తాం

శ్రీలంక నిపుణులది సంకుచితత్వమని భారతీయ విశ్లేషకులు అన్నప్పుడు ఒక విషయం మరిచిపోతారు. విదేశీ న్యాయవాదులు భారత్‌లో ప్రాక్టీసు చేయడాన్ని మన న్యాయవాద సంఘాలు దశాబ్దాలు అడ్డుకున్నాయి. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. క్లయింటుకు సలహా ఇవ్వడానికి వచ్చి పోవచ్చు గానీ ఇక్కడ ప్రాక్టీసు చేయకూడదని 2018 మార్చిలో కోర్టు తేల్చింది. బార్ కౌన్సిల్ 2023లో నియమాలు మార్చి కోర్టు బయటి పనికి, అదీ పరస్పర ప్రాతిపదికన, కొంత తలుపు తీసింది. 2019 నవంబరులో బ్యాంకాక్‌లో ఆర్‌సెప్ ఒప్పందం నుంచి భారత్ తప్పుకున్నప్పుడు ఇక్కడ వినిపించిన మాటలు, అంటే పాడి రైతుల భయం, చైనా సరుకుల వరద, పాత ఒప్పందాల్లో నష్టం, కొలంబో ఊరేగింపు మాటలకు పెద్ద తేడా లేదు.

సింగపూర్ అనుభవాన్ని కూడా చూడాలి. 2005లో భారత్‌తో కుదిరిన సెకా ఒప్పందంలో 127 వృత్తుల జాబితా ఉంది. ఆ జాబితాలో ఉన్న భారతీయులెవరైనా నేరుగా వచ్చి పనిచేయవచ్చన్న ప్రచారం అక్కడ ఏళ్ల తరబడి సాగింది. 2021 జులైలో మంత్రులు పార్లమెంటులో వివరణ ఇవ్వాల్సి వచ్చింది. జాబితాలో ఉన్నా వర్క్ పాస్ నిబంధనలు అందరికీ ఒకటేనని వారు చెప్పారు. బలమైన ఇమిగ్రేషన్ వ్యవస్థ ఉన్న సింగపూర్‌కే ఆ వివరణ అవసరమైతే, వీసా నిబంధనల అమలు మీద సొంత జనానికే నమ్మకం లేని దేశంలో పరిస్థితి ఊహించుకోవచ్చు. 2018లో శ్రీలంక అదే సింగపూర్‌తో ఒప్పందం చేసుకున్నప్పుడు కూడా జీఎంఓఏ, ఇతర నిపుణుల సంఘాలు వ్యతిరేకించాయి. దాన్ని పరిశీలించడానికి అధ్యక్షుడు నిపుణుల సంఘం వేయాల్సి వచ్చింది. భారత వ్యతిరేకత ఒక్కటే దీనికంతటికీ కారణమనే వాదన అక్కడ నిలవదు.

2022 తర్వాత

2022 ఏప్రిల్‌లో శ్రీలంక విదేశీ అప్పుల చెల్లింపు ఆపేసింది. పెట్రోలు కోసం రోజుల తరబడి క్యూలు, మందుల కొరత. ఆ ఏడాది భారత్ దాదాపు 400 కోట్ల డాలర్ల సాయం చేసింది. ఇక నిపుణుల సంగతి. 2016లో ఎవరైతే బయటివాళ్లు వస్తారని భయపడ్డారో వాళ్లే బయటికి వెళ్లడం మొదలుపెట్టారు. రూపాయి కుప్పకూలి, ఆదాయ పన్ను పెరిగి, జీతం విలువ కరిగిపోయాక డాక్టర్లు వందల్లో బ్రిటన్, ఆస్ట్రేలియా, గల్ఫ్ దేశాలకు వెళ్లారు. ఇంజనీర్లు, ఐటీ వాళ్లూ అంతే. ఆ దేశాలతో వారికి ఏ ఎట్కా అవసరం కాలేదు. అవతలి దేశం డాక్టర్ల కోసం చూస్తోంది, పరీక్ష పాసైతే చాలు.

కొన్ని ఆసుపత్రుల్లో నిపుణులు లేక సేవలు కుంటుపడ్డాయి. బయటి డాక్టర్లు రాకూడదన్న పాత నినాదం ఆ వార్డుల్లో రోగులకు ఎలా వినిపిస్తుందో జీఎంఓఏ ఆలోచించాల్సిన విషయం. ఖాళీలు ఉన్నాయి కాబట్టి భారత్‌కు గేట్లు ఎత్తేయాలని కూడా దీని అర్థం కాదు. మెడికల్ కౌన్సిల్ అవసరమైన చోట, అవసరమైనంత కాలానికి తాత్కాలిక నమోదు ఇవ్వగలదు. దానికి ఒప్పందం అక్కర్లేదు, నిర్ణయం చాలు.

అధ్యక్షుడయ్యాక విక్రమసింఘే చర్చలను తిరిగి పట్టాలెక్కించారు. 2016, 2018 మధ్య 11 విడతలు జరిగి ఆగిన చర్చల్లో 12వ విడత 2023 అక్టోబరు చివర కొలంబోలో మొదలైంది. 2024 సెప్టెంబరులో అనుర కుమార దిసనాయకె గెలిచారు. ఆయన పార్టీ జనతా విముక్తి పెరమున ఒకప్పుడు కార్యకర్తలకు చెప్పిన ఐదు పాఠాల్లో ఒకటి ‘భారత విస్తరణవాదం’. ఎట్కాను ఆ పార్టీ ఏళ్లపాటు తిట్టింది. అయినా ఆ డిసెంబరులో దిల్లీలో ఆయన పర్యటన ముగిశాక వచ్చిన సంయుక్త ప్రకటనలో ఎట్కా చర్చలు కొనసాగుతాయని రాశారు. 2025 ఏప్రిల్‌లో మోదీ కొలంబో వెళ్లినప్పుడు ఏడు అవగాహన ఒప్పందాలు కుదిరాయి. ఎట్కా వాటిలో లేదు. ఆ ఏడింటి పాఠాలు ముందుగా బయటపెట్టలేదని, ముఖ్యంగా రక్షణ ఒప్పందంలో ఏముందో చెప్పలేదని కొలంబోలో విమర్శలొచ్చాయి.

2016లో నిపుణులు అడిగినవాటిలో కొన్ని ఇప్పటికే తీరాయి. ఇంజనీరింగ్ కౌన్సిల్ చట్టం ఉంది, వాణిజ్య విధానం ఉంది. ఐటీ వృత్తికి నియమాలు లేవు. ఏ రంగాల్లో, ఏ హోదా వాళ్లు, ఎన్ని నెలలు ఉండవచ్చో చెప్పే సేవల అధ్యాయాన్ని సంతకానికి ముందు పార్లమెంటులో పెడతామన్న హామీ కూడా అంతే ముఖ్యం. ఆ అధ్యాయం చదివే అవకాశం వస్తే తప్ప 127 వృత్తుల లాంటి పుకారుకూ, నిజమైన ప్రమాదానికీ తేడా ఏ డాక్టరూ, ఏ ప్రోగ్రామరూ చెప్పలేరు.